పదేళ్ళ వీసా ఉంటే పదేళ్ళు ఉండొచ్చా?

విదేశాల్లో నెలల తరబడి ఉండివచ్చేందుకు పర్యాటక వీసా కోరుతున్న హైదరాబాద్ పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలిస్తున్నాం. అడిగినవారిలో ఎక్కువమంది పిల్లల దగ్గరకు వెళ్ళదలచిన తల్లిదండ్రులే. రుసుములూ నిబంధనలూ తరచుగా మారుతుంటాయి కనుక, దరఖాస్తు నింపే రోజున ఆ దేశపు అధికారిక వెబ్‌సైటును మరొక్కసారి చూసుకోవలసిందిగా కోరుతున్నాం.

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయికి సెప్టెంబరు మొదట్లో కాన్పు. నేనూ మావారూ ఆగస్టులోనే వెళ్ళి, బిడ్డకు అన్నప్రాశన అయ్యాక మార్చిలో తిరిగి రావాలనుకుంటున్నాం. అమెరికా వాళ్ళు పదేళ్ళ వీసా ఇస్తారు కాబట్టి ఎన్నాళ్ళయినా ఉండవచ్చని మా బంధువులు అంటున్నారు. ఇంటర్వ్యూలో పురుడు మాట ఎత్తవద్దని, ఊళ్ళు చూడటానికి వెళ్తున్నామని మాత్రమే చెప్పమని ఏజెంటు అంటున్నాడు. ఏం చేయమంటారు?
– విశ్రాంత ఉపాధ్యాయిని, వనస్థలిపురం

సమాధానం: అమ్మా, ముందుగా మీ బంధువుల మాట సంగతి చూద్దాం. అమెరికా పర్యాటక వీసాను, అంటే బీ1/బీ2 వీసాను, మన దేశస్థులకు సాధారణంగా పదేళ్ళ గడువుతో ఇస్తున్న మాట నిజమే. అయితే వీసా మీద ముద్రించిన తేదీ ఆ దేశపు గుమ్మం దాకా వెళ్ళడానికి ఉన్న గడువే తప్ప, లోపల ఉండడానికి ఇచ్చిన అనుమతి కాదు. లోపల ఎన్నాళ్ళుండవచ్చో నిర్ణయించేది అక్కడి విమానాశ్రయంలో మిమ్మల్ని ప్రశ్నించే అధికారి. ఆయన నమోదు చేసే ఐ-94 అనే రికార్డులో మీరు దేశం విడిచి వెళ్ళవలసిన తేదీ ఉంటుంది. అది మామూలుగా దిగిన రోజు నుంచి ఆరు నెలల లోపు ఉంటుంది. దిగిన ఒకటి రెండు రోజుల్లోనే మీ అమ్మాయి చేత అక్కడి సరిహద్దు భద్రతా విభాగం వెబ్‌సైటులో ఐ-94ను తెరిపించి, ఆ తేదీని చూసి, కాగితం మీద తీయించి దగ్గర పెట్టుకోండి. పాస్‌పోర్టులో స్టాంపు వేస్తారని ఎదురుచూడవద్దు, ఈ మధ్య చాలాచోట్ల వేయడం లేదు.

ఇప్పుడు మీ లెక్కకు వద్దాం. ఆగస్టులో దిగితే ఆరు నెలలు ఫిబ్రవరితో పూర్తవుతాయి. పుట్టేది ఆడపిల్ల అయితే ఐదో నెలలో అన్నప్రాశన చేస్తారు కనుక, మీరు ఉండగానే ముచ్చట తీరిపోతుంది. మగపిల్లవాడైతే ఆరో నెల దాకా ఆగాలి కనుక మీ గడువు సరిపోతుందో లేదో చెప్పలేం, మార్చి దాకా ఉండటం మాత్రం కుదరదు. గడువు పెంచమని ఐ-539 అనే దరఖాస్తు పెట్టుకునే వీలు ఉంది. ఐ-94 తేదీ ముగిసేలోపే దాన్ని దాఖలు చేయాలి, కనీసం 45 రోజుల ముందు చేయడం మంచిదని అక్కడి వలస సేవల శాఖే చెబుతుంది. కానీ నిర్ణయం వచ్చేసరికి నెలలు గడిచిపోతాయి. ఒకవేళ తిరస్కరిస్తే వెంటనే బయలుదేరాలి, చేతిలో ఉన్న వీసా కూడా చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. ఒక వేడుక కోసం ఇంత చిక్కు తెచ్చుకోవద్దని నా సలహా. దానికి బదులు, మీరు ఆగస్టులో వెళ్ళి జనవరి చివర్లో వచ్చేయండి. మీవారు అక్టోబరులో వెళ్ళి మార్చిలో రావచ్చు. మీ వియ్యాలవారు కూడా రాదలిస్తే మీరు వచ్చాక వారు వెళ్ళవచ్చు. బాలింతకు సాయం ఎక్కువ నెలలు అందుతుంది, ఎవరి గడువూ దాటదు.

గడువు దాటితే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఐ-94 తేదీ తర్వాత ఒక్క రోజు ఎక్కువ ఉన్నా ఆ పదేళ్ళ వీసా రద్దయినట్టే. 180 రోజులకు మించి అక్రమంగా ఉండి వెనక్కి వస్తే మూడేళ్ళు, ఏడాది లేదా అంతకు మించి ఉండి వస్తే పదేళ్ళు మళ్ళీ ఆ దేశంలో అడుగుపెట్టనివ్వరు. అలాగే ఆరు నెలలుండి వచ్చి, నెల తిరగకుండానే మళ్ళీ ఆరు నెలలకు వెళ్ళేవారిని విమానాశ్రయంలో గట్టిగా ప్రశ్నిస్తారు. ఏడాదికి ఇన్ని రోజులే ఉండాలని రాసిపెట్టిన నియమం లేకపోయినా, మీరు పర్యాటకులా లేక అక్కడే కాపురం పెట్టినవారా అన్న అనుమానం అధికారికి రావడం సహజం.

ఇక ఏజెంటు సలహా. దయచేసి దాన్ని పక్కన పెట్టండి. కూతురి పురుటికి తోడుగా వెళ్తున్నామని చెప్పడం తప్పు కాదు, దాచవలసిన విషయం అంతకన్నా కాదు. కుటుంబ సభ్యులను చూడటానికి వెళ్ళడం ఆ వీసా ఇచ్చే కారణాల్లో ఒకటి. డబ్బు తీసుకుని పని చేయడానికి మాత్రం ఆ వీసా ఒప్పుకోదు. ఊళ్ళు చూస్తామని చెప్పి, ఏ ఊళ్ళని అడిగితే తడబడి, ఆరు నెలలెందుకని అడిగితే ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారంటే నిజం చెప్పినా నమ్మని స్థితి వస్తుంది. అమెరికా వలస చట్టంలోని 214(బీ) సెక్షన్ ప్రకారం, దరఖాస్తు చేసిన ప్రతివారినీ అక్కడే ఉండిపోవాలనుకునేవారిగానే మొదట భావిస్తారు. కాదని నమ్మించవలసిన బాధ్యత మీదే. మీ పింఛను, మీ ఇల్లు, ఇక్కడున్న మీ అబ్బాయి, మీరు తిరిగి వచ్చే నెల, ఇవన్నీ అడిగితే అడిగినంత వరకు నెమ్మదిగా చెప్పండి. హైదరాబాద్‌లో తెలుగులోనే మాట్లాడే అవకాశం ఉంది కనుక భాష గురించి భయం వద్దు.

రుసుము మనిషికి 185 డాలర్లు. డీఎస్-160 దరఖాస్తును మీ అమ్మాయి నింపినా, పంపేముందు ప్రతి జవాబునూ మీరిద్దరూ చదివి సరిచూసుకోండి. ఇంటర్వ్యూ అధికారి ముందు ఉండేది ఆ దరఖాస్తే, మీరు సంచిలో మోసుకెళ్ళిన కాగితాల్లో చాలావాటిని అడగకపోవచ్చు. అమ్మాయి దగ్గర నుంచి ఆహ్వాన పత్రం తప్పనిసరి కాదు. వేలిముద్రలూ ఫొటో ఇచ్చే కేంద్రం వేరు, ఇంటర్వ్యూ జరిగే కాన్సులేట్ వేరు. కాన్సులేట్ 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకు మారింది. వనస్థలిపురం నుంచి పొద్దున్నే బయలుదేరేవారు ఆ దూరాన్ని లెక్కలో పెట్టుకోవాలి.

చివరగా, అమెరికా వీసాకు ఆరోగ్య బీమా తప్పనిసరి కాకపోయినా, మీ వయసులో అది లేకుండా విమానం ఎక్కవద్దు. బీపీ, షుగరు వంటి పాత జబ్బుల ఖర్చును ఈ పాలసీలు సాధారణంగా భరించవు. హఠాత్తుగా ముదిరినప్పుడు మాత్రమే, అదీ కొంత మొత్తం వరకే ఇస్తామనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. ఆ షరతున్న పేజీని చదివించుకున్నాకే డబ్బు కట్టండి.

ప్రశ్న: ఆఫీసులో ఆరు నెలలు జీతం లేని సెలవు దొరికింది. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు దాకా ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్‌లలో తీరుబడిగా తిరగాలని ఉంది. యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి పనికొచ్చే షెంజెన్ వీసా ఒకటి తీసుకుని, మధ్యలో వారం రోజులు బయటి దేశానికి వెళ్ళివస్తే 90 రోజుల లెక్క మళ్ళీ మొదలవుతుందని విన్నాను. నిజమేనా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కూకట్‌పల్లి

సమాధానం: నిజం కాదు. ఈ అపోహతో ప్రయాణం ఖర్చంతా పెట్టుకుని ఇబ్బందుల్లో పడే ప్రమాదం ఉంది కనుక కాస్త వివరంగా చెబుతాను.

షెంజెన్ ఒప్పందంలోని 29 దేశాలన్నింటికీ కలిపి, ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకు మించి ఉండకూడదన్నది నియమం. ఆ 180 రోజులు ఎక్కడో ఒకచోట మొదలై ఆగేవి కావు. మీరు అక్కడ ఉన్న ప్రతి రోజూ, ఆ రోజు నుంచి వెనక్కి 180 రోజులు లెక్కపెట్టాలి. దిగిన రోజూ బయలుదేరిన రోజూ కూడా లెక్కలోకే వస్తాయి. మీ విషయంలో ఏప్రిల్ 1న దిగి ఆగకుండా ఉంటే జూన్ 29కి 90 రోజులు నిండిపోతాయి. ఆ రోజున బయటకు రావాలి. వారం తర్వాత జులై 6న మళ్ళీ వెళ్ళబోతే, వెనక్కి చూసిన 180 రోజుల్లో 90 రోజులూ అలాగే ఉంటాయి కనుక లోపలికి రానివ్వరు. మళ్ళీ అడుగుపెట్టగలిగే మొదటి రోజు సెప్టెంబరు 28. అప్పటికి మీ సెలవే అయిపోతుంది. ఇదివరకు స్టాంపులు చూసి లెక్కపెట్టేవారు. 2025 అక్టోబరు 12 నుంచి దశలవారీగా వేలిముద్రలు, ముఖచిత్రంతో రాకపోకలను కంప్యూటరులో నమోదు చేసే విధానం తెచ్చారు కనుక ఒక్క రోజు తేడా కూడా దానంతట అదే బయటపడుతుంది.

పైగా 90 రోజులు అడిగిన ప్రతివారికీ 90 రోజులు ఇవ్వరు. వీసా స్టిక్కరు చేతికి రాగానే మూడు చోట్ల చూడండి. ‘ఫ్రమ్’, ‘అంటిల్’ అన్న రెండు తేదీల మధ్య ఎప్పుడైనా ప్రయాణం చేయవచ్చు. ఆ పక్కన ‘డ్యూరేషన్ ఆఫ్ స్టే’ అన్న చోట ఒక అంకె ఉంటుంది. మీరు నిజంగా ఉండగలిగేది అన్ని రోజులే. రెండు తేదీల మధ్య వ్యవధి ఎక్కువగా కనబడినా, ఆ అంకె 30 అయితే 30 రోజులే.

ఆరు నెలలూ యూరప్‌లోనే గడపాలన్న కోరిక గట్టిగా ఉంటే రెండు దారులున్నాయి. మొదటిది, 90 రోజులు షెంజెన్‌లో గడిపి, మిగతా కాలం షెంజెన్‌లో లేని బ్రిటన్‌లో విడిగా వీసా తీసుకుని గడపడం. బ్రిటన్ సందర్శక వీసా మీద ఒక విడతలో ఆరు నెలల దాకా ఉండవచ్చు. రెండోది, ఒకే దేశాన్ని ఎంచుకుని ఆ దేశపు దీర్ఘకాలిక వీసా అడగడం. దీన్ని డీ వీసా అంటారు. ఫ్రాన్స్ ‘విజిటర్’ పేరుతో ఇటువంటి వీసా ఇస్తుంది. నెలనెలా ఖర్చుకు సరిపడే డబ్బు, ఉండటానికి చోటు, ఆరోగ్య బీమా చూపించి, అక్కడ ఏ ఉద్యోగమూ చేయనని రాసివ్వాలి. ఆ వీసా ఉన్నంతకాలం ఇటలీ, స్పెయిన్‌లకు 90 రోజుల పరిమితిలో వెళ్ళిరావచ్చు. మీ ఆలోచనకు ఇదే సరైనదని నా అభిప్రాయం. అయితే సెలవులో ఉండి కూడా ఆఫీసు లాప్‌టాప్ తెరిచి పని చేయాలనే ఉద్దేశం ఏమాత్రం ఉన్నా ఈ వీసా అడగవద్దు.

షెంజెన్ వీసాకే వెళ్ళేట్టయితే, ఎక్కువ రోజులు గడిపే దేశానికే దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే మొదట దిగే దేశానికి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. 2024 జూన్ నుంచి రుసుము 90 యూరోలు, దరఖాస్తులు తీసుకునే కేంద్రం సేవా రుసుము దీనికి అదనం. బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి.

ప్రశ్న: నా పాస్‌పోర్టులో పేరు ఒకే మాటగా ఉంది, ఇంటిపేరు గడి ఖాళీ. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంది. దుబాయ్‌లో పెద్దబ్బాయి దగ్గర పది రోజులుండి అమెరికాలో చిన్నబ్బాయి దగ్గరకు వెళ్ళాలి. ఇబ్బంది ఉంటుందా?
– గృహిణి, ఉప్పల్

సమాధానం: ఉంటుందమ్మా, ముందు దుబాయ్‌లోనే. పాస్‌పోర్టులో ఒకే మాటతో పేరుండి, రెండో గడి ఖాళీగా ఉన్న సందర్శకులను అనుమతించేది లేదని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది. అమెరికా అనుమతిస్తుంది గాని, ఉన్న ఒక్క పేరునూ ఇంటిపేరు గడిలో రాసి, అసలు పేరు గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే అసలు పేరు తెలియదు) అని నింపాలి. వీసా మీద, టికెట్టు మీద, అక్కడి ఆసుపత్రిలో కూడా ఆ మూడక్షరాలే మీ పేరుగా వెంటాడుతాయి.

మన ఇళ్ళలో ఇంటిపేరును ముందు రాయడం, పొడి అక్షరంతో సరిపెట్టడం, పెళ్ళయ్యాక ఒక కాగితంలో పుట్టింటిది, ఇంకో కాగితంలో అత్తింటిది ఉండటం మామూలే. ఇక్కడ ఎవరూ పట్టించుకోరు కనుక తేడా కనబడదు. సముద్రం దాటే ముందు మాత్రం దీన్ని సరిచేసుకోవాలి. ముందు ఆధార్‌లో ఇంటిపేరును పూర్తి మాటగా రాయించి, తర్వాత పాస్‌పోర్టు రీఇష్యూకు దరఖాస్తు చేసి ఇంటిపేరును దాని గడిలో చేర్పించండి. రెండు వీసాలకూ ఆ తర్వాతే అడగండి. టికెట్టు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా ఉండాలి.

ప్రశ్న: నాన్నగారు పోయాక అమ్మ ఇక్కడ ఒంటరిగా ఉంటోంది. తమ్ముడు టొరంటోలో పర్మనెంట్ రెసిడెంట్. కెనడా సూపర్ వీసాకూ మామూలు సందర్శక వీసాకూ తేడా ఏమిటి? అమ్మకు ఏది మంచిది?
– ప్రైవేటు కళాశాల అధ్యాపకుడు, మలక్‌పేట

సమాధానం: మామూలు వీసా మీద వెళ్తే ఒక విడతలో సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. సూపర్ వీసా పౌరుల, పర్మనెంట్ రెసిడెంట్ల తల్లిదండ్రులకూ తాతమామ్మలకూ మాత్రమే. దాని మీద ఒక విడతలో ఐదేళ్ళ దాకా ఉండవచ్చు. 2022 జులై 4కు ముందు ఇది రెండేళ్ళే.

మీ తమ్ముడు ఆహ్వాన పత్రం ఇచ్చి, కుటుంబ సభ్యుల సంఖ్యను బట్టి నిర్ణయించిన కనీస ఆదాయం తనకుందని చూపాలి. ఆ లెక్కలో మీ అమ్మగారిని కూడా కలుపుకోవాలి, చాలక పోతే మీ మరదలి ఆదాయాన్ని జత చేయవచ్చు. అమ్మగారు వైద్య పరీక్ష చేయించుకోవాలి. కనీసం లక్ష కెనడా డాలర్ల ఆరోగ్య బీమా ఏడాదికి తక్కువ కాకుండా తీసుకోవాలి. బీమా కంపెనీ ఇచ్చిన ధరల అంచనా సరిపోదు, డబ్బు కట్టినట్టు రుజువు ఉండాలి. వీసా రాకపోతే ప్రీమియం వెనక్కిస్తారో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. దరఖాస్తు కెనడా బయట ఉండగానే చేయాలి. వీసా గడువు పాస్‌పోర్టు గడువును దాటదు కనుక, అమ్మగారి పాస్‌పోర్టుకు కొద్దికాలమే మిగిలి ఉంటే ముందు దాన్ని కొత్తది చేయించండి.

ఏది మంచిదన్న ప్రశ్నకు జవాబు మీ అమ్మగారే చెప్పాలి. కాగితాల ప్రకారం ఆవిడ సూపర్ వీసాకు అర్హురాలే. కానీ అక్కడ కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్ళాక, చలికాలంలో రోజంతా ఒక్కరే ఇంట్లో గడపడం మలక్‌పేటలో ఇరుగుపొరుగు మధ్య గడపడం కన్నా కష్టంగా ఉండవచ్చు. ఇంతవరకు ఆవిడ అక్కడికి వెళ్ళలేదంటే, మొదట మామూలు వీసా మీద వేసవి నెలలు ఉండి చూడమనండి. నచ్చితే తిరిగి వచ్చాక సూపర్ వీసా అడగవచ్చు.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లోని మా కూతురి దగ్గరకు వెళ్ళడానికి 12 నెలల వీసా వచ్చింది. అందులో ‘8503’ అనే షరతు ఉంది. అంటే ఏమిటి?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, సైనిక్‌పురి

సమాధానం: అక్కడ ఉండగా మరో వీసాకు దరఖాస్తు చేసి బస పొడిగించుకునే వీలు దాదాపుగా లేదని అర్థం. ఈ షరతును చాలా అరుదైన పరిస్థితుల్లోనే సడలిస్తారు కనుక, తిరుగు టికెట్టును గడువు లోపలే పెట్టుకోండి. మీ వీసా ఉత్తరంలో ‘8558’ కూడా ఉంటే, ఏ 18 నెలల్లోనూ 12 నెలలకు మించి అక్కడ ఉండకూడదు.

ప్రశ్న: నాకు హార్డ్‌వేర్ దుకాణం ఉంది. లండన్‌లో కొడుకు దగ్గర ఐదు నెలలు ఉండి రావాలని మా దంపతుల కోరిక. ఖాతాలో పెద్దగా డబ్బు నిలవదు. పది లక్షలు నెల రోజులు వేసి ఉంచుతాననీ, ఒక కంపెనీలో మేనేజరుగా ఉన్నట్టు లెటరు ఇప్పిస్తాననీ ఏజెంటు అంటున్నాడు. అందరూ ఇలాగే చేస్తారట.
– వ్యాపారి, ఎల్బీనగర్

సమాధానం: అయ్యా, ఈ పని చేయవద్దు. దొంగ పత్రం పెట్టినట్టు తేలితే బ్రిటన్ పదేళ్ళ దాకా వీసా నిరాకరిస్తుంది. కెనడా ఐదేళ్ళు, ఆస్ట్రేలియా మూడేళ్ళు, అమెరికా అయితే శాశ్వతంగా అనర్హుల జాబితాలో పెడుతుంది. ఒక దేశం తిరస్కరించిన సంగతిని మరో దేశపు దరఖాస్తులో చెప్పవలసి వస్తుంది కూడా. ఆ తర్వాత కొడుకు పెళ్ళి అక్కడ జరిగినా మీరు వెళ్ళలేరు. ఏజెంటు మాత్రం తన కమీషను తీసుకుని మరొకరికి ఇదే మాట చెబుతూ ఉంటాడు, దరఖాస్తు కింద సంతకం మీది కనుక శిక్ష మీకే.

పైగా ఆ పది లక్షల వల్ల ప్రయోజనం కూడా లేదు. మీ ఖాతా వివరాల్లో ఆరు నెలలుగా వేలల్లో తిరిగిన డబ్బు ఒక్కసారి లక్షలయితే, అది ఎక్కడిదన్న ప్రశ్నే అధికారికి మొదట తడుతుంది. జవాబు లేకపోతే తిరస్కరించడానికి అదే కారణమవుతుంది.

మీ అసలు కాగితాలు మీరనుకుంటున్నంత బలహీనమైనవి కావు. దుకాణం ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ రిజిస్ట్రేషన్, గత మూడేళ్ళ ఆదాయపు పన్ను రిటర్నులు, ఇంటి దస్తావేజు పెట్టండి. వ్యాపారంలో డబ్బు సరుకులో ఉంటుంది, ఖాతాలో నిలవదు. ఈ మాటే ఒక పేజీ ఉత్తరంలో సూటిగా రాయండి. ఖర్చు మీ అబ్బాయి భరించడాన్ని బ్రిటన్ అంగీకరిస్తుంది కనుక అతని జీతం చీటీలు, బ్యాంకు ఖాతా వివరాలు, అక్కడ చట్టబద్ధంగా ఉన్నట్టు రుజువు జతపరచండి. తెలుగులో ఉన్న పత్రాలకు పూర్తి ఇంగ్లిషు అనువాదం, అనువదించినవారి సంతకం, తేదీ, చిరునామాతో సహా ఉండాలి.

మీ దరఖాస్తులో అధికారికి నిజంగా అనుమానం కలిగించగలది డబ్బు కాదు, ఆ ఐదు నెలలు. దుకాణం ఉన్న మనిషి ఐదు నెలలు ఎలా వదిలి వెళ్తాడని ఎవరైనా అడుగుతారు. తమ్ముడో గుమాస్తానో చూసుకుంటే వారి పేరుతో సహా ఉత్తరంలో రాయండి. ఎవరూ లేకపోతే, ఈసారికి మీరు ఆరు వారాలకు, మీ ఆవిడ మాత్రం ఐదు నెలలకు దరఖాస్తు చేసుకోవడం మేలు. ఒకసారి చెప్పిన తేదీకి తిరిగి వచ్చి చూపించాక, తర్వాత రెండేళ్ళ లేదా ఐదేళ్ళ వీసా అడగవచ్చు. దాని మీద కూడా ఒక్కో విడత ఆరు నెలలకు మించి ఉండనివ్వరని గుర్తుంచుకోండి.

ప్రశ్న: కేంద్ర ప్రభుత్వ పింఛనుదారును. అక్టోబరు నుంచి మార్చి దాకా అమెరికాలో ఉంటాను. బతికి ఉన్నట్టు రుజువుగా నవంబరులో ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ సంగతి ఏమిటి? నా వీసా పాత పాస్‌పోర్టులో ఉంది, అది చెల్లుతుందా?
– తార్నాక

సమాధానం: ఆధార్‌తో ముడిపడిన జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖాన్ని చూపి సర్టిఫికెట్ ఇచ్చే సౌకర్యం ఉంది. ఇక్కడుండగానే మీ ఫోనులో యాప్ వేయించి, ఒకసారి తెరిచి, ఎలా పనిచేస్తుందో నేర్చుకుని వెళ్ళండి. ఆధార్‌కు జతచేసిన మన దేశపు ఫోను నంబరును అక్కడ కూడా పనిచేసేలా ఉంచుకోండి. యాప్ మొరాయిస్తే అక్కడి భారత కాన్సులేట్ ద్వారా సర్టిఫికెట్ పంపించవచ్చు. పాత పాస్‌పోర్టులోని అమెరికా వీసా గడువు ముగియకుండా, చిరగకుండా ఉంటే చెల్లుతుంది. కొత్త, పాత పాస్‌పోర్టులు రెండూ చేతిసంచిలో పెట్టుకోండి, సామానులో వేయవద్దు.